కనిపెట్టేది ఒకటి, చూపించేది మరొకటి
ఎలక్ట్రానిక్స్ బెంచి: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఆర్డ్యూయినో ఊనోతో ప్రాజెక్టు చేస్తున్నాను. సెన్సర్ ఐ2సీ లైన్ల మీద ఉంది, పక్కనే పంపు నడిపే రిలే. ఎప్పుడో ఒకసారి సెన్సర్ పలకడం మానేస్తుంది. యూఎస్‌బీ లాజిక్ అనలైజర్ పెడితే అక్నాలెడ్జ్ రాలేదని తెలుస్తోంది కానీ ఎందుకు రాలేదో తెలియడం లేదు. కాలేజీలో నాలుగు ఛానళ్ల స్కోప్ ఉంది. దాని ముందు గంటల తరబడి కూర్చున్నా ఆ క్షణం చిక్కడం లేదు.
- బీటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: లాజిక్ అనలైజర్‌కు 0, 1 తప్ప మరోటి తెలియదు. 5 వోల్టుల సరఫరా ఒక్క క్షణం 4 వోల్టులకు జారి లేచినా అది గమనించదు. స్కోప్ ఆ జారుడును చక్కగా చూపిస్తుంది కానీ, ఎప్పుడు చూడాలో దానికి ఎవరో ఒకరు చెప్పాలి. కాపలా కాసేవాడు ఒకడు, ఫొటో తీసేవాడు ఇంకొకడు అనుకోండి. మీ దగ్గర ఇద్దరూ ఉన్నారు, ఒకరినొకరు పిలుచుకునే ఏర్పాటే లేదు.

24 మెగాహెర్ట్జ్, 8 ఛానళ్ల చవక అనలైజర్లకు మామూలుగా ట్రిగ్గర్ ఔట్ ఉండదు. షరతు కలిసిందో లేదో చూసేది కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్. కాబట్టి దాన్ని కాపలాకు పెట్టకండి. తప్పు జరిగిందని అందరికంటే ముందు తెలిసేది మీ ప్రోగ్రాముకే. వైర్ లైబ్రరీలో ఎండ్‌ట్రాన్స్‌మిషన్ 2 లేదా 3 తిరిగి ఇచ్చిందంటే అక్నాలెడ్జ్ రాలేదని అర్థం. ఆ వెంటనే ఖాళీగా ఉన్న ఒక పిన్‌ను పైకి లేపండి. డిజిటల్‌రైట్ అయితే కొన్ని మైక్రోసెకన్లు తీసుకుంటుంది. పోర్టు రిజిస్టర్‌లో నేరుగా ఆ బిట్‌ను లేపితే 16 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు క్లాకులే, అంటే 125 నానోసెకన్లు. ఒక చిక్కుంది: లైన్ ఇరుక్కుపోతే ఆ లైబ్రరీ అక్కడే ఆగిపోయి, మీ పిన్ దాకా రానే రాదు. సెట్‌వైర్‌టైమౌట్‌తో గడువు పెట్టండి, మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది. గడువు దాటితే వచ్చే 5కు కూడా అదే పిన్‌ను లేపండి.

ఆ పిన్‌ను స్కోప్ నాలుగో ఛానల్‌కూ, అనలైజర్‌లో ఒక లైన్‌కూ కలపండి. రెండింటికీ ఒకే అంచు మీద ట్రిగ్గర్ పెట్టండి. మోడ్ తప్పనిసరిగా సింగిల్. ఆటోలో ఉంటే ఏమీ జరగకపోయినా తెర మారిపోతూ, దొరికింది కూడా చెరిగిపోతుంది.

అసలు కిటుకు తెర మీద ట్రిగ్గర్ పాయింట్ ఎక్కడుందన్నది. 100 కిలోహెర్ట్జ్ వేగంలో ఒక బైట్, దాని అక్నాలెడ్జ్ కలిపి 9 బిట్లు, 90 మైక్రోసెకన్లు. పిన్ లేచేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. అందుకే ట్రిగ్గర్ పాయింట్‌ను కుడి అంచు దగ్గరికి జరిపి, మెమరీలో ఎక్కువ భాగాన్ని గతానికి కేటాయించండి. 1.2 కోట్ల పాయింట్ల మెమరీని నాలుగు ఛానళ్లు పంచుకుంటే ఒక్కోదానికి 30 లక్షలు. సెకనుకు 2.5 కోట్ల శాంపిళ్ల దగ్గర అది 120 మిల్లీసెకన్లు. రిలే ఎప్పుడు పడిందో చూసుకోవడానికి చాలు.

మొదటి ప్రోబ్ సెన్సర్ సరఫరా పిన్ మీదే పెట్టండి, రెగ్యులేటర్ దగ్గర కాదు. రెండోది ఎస్‌డీఏ మీద, మూడోది రిలే కాయిల్ మీద, అదీ టెన్ ఎక్స్‌లో. గ్రౌండు వైరు పొడుగ్గా వేలాడితే అదే యాంటెన్నాలా రిలే రొదను పట్టి మిమ్మల్ని దారి తప్పిస్తుంది. సరఫరా జారుతుంటే రిలేకు వేరే సరఫరా ఇవ్వండి, సెన్సర్ పక్కన కెపాసిటర్ పెట్టండి. సరఫరా నిలకడగా ఉండి ఎస్‌డీఏ మీద మాత్రం ముల్లులాంటిది కనిపిస్తే, ముందు కాయిల్‌కు డయోడ్ ఉందో లేదో చూడండి. చాలా ప్రాజెక్టు బోర్డుల్లో ఉండదు.

ప్రశ్న: నాది దీనికి తలకిందులు. స్కోప్ గ్లిచ్‌ను పట్టుకుని, వెనకున్న ట్రిగ్గర్ ఔట్ ద్వారా లాజిక్ అనలైజర్‌ను లేపాలి. లేపుతోంది. కానీ రెండు తెరల మీది సమయాలు కలవడం లేదు.
- ఫర్మ్‌వేర్ ఇంజినీరు, హైదరాబాద్

జవాబు: కలవవు. స్కోప్ తన ట్రిగ్గర్‌ను గుర్తించి బయటికి పల్స్ పంపడానికి కొంత సమయం తీసుకుంటుంది. కేబుల్‌ను అనుమానించకండి, దాని వాటా మీటరుకు 5 నానోసెకన్లే. గ్లిచ్ వేటకు ముందు ఒకే అంచును స్కోప్ ఛానల్‌కూ అనలైజర్‌కూ ఇవ్వండి, ట్రిగ్గర్ ఔట్‌ను అనలైజర్ మరో లైన్‌కు ఇవ్వండి. ఆ రెండు లైన్ల మధ్య తేడాయే మీ ఆలస్యం. కాగితం మీద రాసిపెట్టుకుని ప్రతి కొలత నుంచీ తీసేయండి. తీసేయలేనిది ఒకటుంది: 24 మెగాహెర్ట్జ్ అనలైజర్ దాదాపు 42 నానోసెకన్లకు ఒకసారి మాత్రమే చూస్తుంది. అంతకంటే సన్నటి వాదనలు దానితో గెలవలేరు.

ట్రిగ్గర్ ఔట్‌ను ఇలా ఒక మామూలు లైన్‌గా రికార్డు చేస్తే ఇంకో లాభం ఉంది. అనలైజర్ సాఫ్ట్‌వేర్ ఎంత ఆలస్యంగా మేలుకున్నా గుర్తు రికార్డులోనే ఉంటుంది. కలిపేముందు ఆ పల్స్ ఎన్ని వోల్టులో చూడండి. కొన్ని స్కోప్‌లలో ఆ సాకెట్ పాస్/ఫెయిల్ పనికి కూడా వాడతారు, యుటిలిటీ మెనూలో ట్రిగ్గర్ ఔట్ అని మార్చాలి.

ఈ తలనొప్పి పాతదే. 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్ రెండు అనలాగ్, 16 డిజిటల్ ఛానళ్లతో 54645డీ తెచ్చింది. రెండూ ఒకే పెట్టెలో, ఒకే ట్రిగ్గర్‌తో ఉంటే ఈ కూడికలు తీసివేతలు అక్కర్లేదు. రోజూ ఇదే పనైతే మిక్స్‌డ్ సిగ్నల్ స్కోప్ కొనమంటాను. నెలకోసారైతే మీ కాగితం చాలు.

ప్రశ్న: ఆంప్లిఫయర్ అవుట్‌పుట్‌లో రొద ఎక్కువ. స్కోప్ మీద తరంగం నిలబడదు.
- హామ్ రేడియో అభిరుచి గల పాఠకుడు, విజయవాడ

జవాబు: అవుట్‌పుట్ మీద ట్రిగ్గర్ పెడితే నిలబడదు. ఫంక్షన్ జనరేటర్‌కు సింక్ అని ఒక సాకెట్ ఉంటుంది, దాన్ని స్కోప్ ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్‌కు ఇవ్వండి. అది లేని స్కోప్ అయితే ఒక ఛానల్ ఖర్చు పెట్టండి. బొమ్మ నిలబడ్డాక యావరేజ్ 64 పెడితే రొద ఎనిమిదో వంతుకు దిగుతుంది.

ప్రశ్న: ఎస్‌ఎంపీఎస్ ప్రైమరీ వైపు కూడా ఇలాగే రెండు పరికరాలు కలపవచ్చా?
- రిపేరు షాపు యజమాని, వరంగల్

జవాబు: నేరుగా వద్దు. స్కోప్ బీఎన్‌సీ బయటి లోహం గోడ ప్లగ్గు ఎర్త్‌కు కలిసి ఉంటుంది, అనలైజర్ గ్రౌండు లాప్‌టాప్‌కు. రెండింటి మధ్య కేబుల్ వేశారంటే అన్నీ ఒకటే గ్రౌండు. 230 వోల్టులను రెక్టిఫై చేశాక కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు ఉంటాయి. గ్రౌండు క్లిప్పు అటు పెట్టగానే పేలుతుంది. స్కోప్ ప్లగ్గు ఎర్త్ పిన్ తీసేసి పని కానిచ్చేవాళ్లున్నారు. అప్పుడు స్కోప్ ఒళ్లంతా ఆ వోల్టేజీయే, మీ చేయి దాని మీదే. తరంగం చూడాలంటే ఆ వోల్టేజీకి తగిన డిఫరెన్షియల్ ప్రోబ్ వాడండి. ట్రిగ్గర్ మాత్రమే కావాలంటే కంట్రోలర్ సిగ్నల్‌ను ఆప్టోకప్లర్ గుండా ఇవతలికి తెచ్చుకోండి. పీసీ817 లాంటివి మైక్రోసెకన్ల మేర వెనకబడతాయి. 6ఎన్137 అయితే 50 నానోసెకన్ల దరిదాపుల్లో దాటిస్తుంది, దానికి ఇవతలివైపు వేరే 5 వోల్టుల సరఫరా కావాలి.