గాయం తర్వాత మళ్లీ ఒప్పందం: సీనియర్ క్రీడాకారులు తరచూ అడిగే ప్రశ్నలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుంచి కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ ఆడుతూ, ముప్పై దాటాక పెద్ద దెబ్బ నుంచి కోలుకుంటున్నవారి కోసం ఈ సమాధానాలు. ఇక్కడ "జట్టు" అంటే డబ్బు చెల్లించి ఆడించుకునే ప్రైవేటు క్లబ్, ఫ్రాంచైజీ లేదా అకాడమీ. "ఒప్పందం" అంటే జట్టుతో రాతపూర్వకంగా కుదిరినది. "గాయం" అంటే శస్త్రచికిత్స గానీ దీర్ఘకాల విశ్రాంతి గానీ అవసరమైనది. ఇది సాధారణ సమాచారం మాత్రమే; సంతకానికి ముందు మీ ఒప్పందాన్ని న్యాయవాదికి చూపించండి.

1. గాయమైతే జట్టు ఒప్పందాన్ని మధ్యలో రద్దు చేయవచ్చా?

ఒప్పందంలో ఆ షరతు ఉంటే, అందులో చెప్పిన పద్ధతిలో చేయవచ్చు. షరతు లేకుండా రద్దు చేస్తే భారత కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 73 కింద నష్టపరిహారం కోరవచ్చు. అయితే గాయం వల్ల ఇక ఎప్పటికీ ఆడలేని స్థితి వస్తే, సెక్షన్ 56 ప్రకారం ఒప్పందం చెల్లదని జట్టు వాదించవచ్చు. వ్యక్తిగత నైపుణ్యం మీద ఆధారపడిన ఒప్పందాన్ని కోర్టు బలవంతంగా అమలు చేయించదు. కాబట్టి డబ్బు కోరవచ్చు గానీ, మైదానంలో చోటు కోరలేరు.

2. గడువు ముగిశాక వయసు చూపి కొనసాగించకపోతే?

పొడిగించి తీరాలన్న షరతు ఒప్పందంలో లేకపోతే మీకు హక్కు లేదు. అయితే గాయం తర్వాత రాణించినవారు ఉన్నారు. 1994లో మోకాలు దెబ్బతిన్న పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. సైనా నెహ్వాల్ 2016లో మోకాలి శస్త్రచికిత్స తర్వాత 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం సాధించారు. ఇలాంటి ఉదాహరణలు బేరానికి పనికొస్తాయి, కేసుకు పనికిరావు. జట్టు వెనకాడుతుంటే, ఒక సీజన్‌కు స్థిర మొత్తం, ఆపై ఆడిన మ్యాచ్‌కు ఇంత అని అడగండి.

3. పాత గాయం సంగతి చెప్పాలా?

అడిగితే నిజమే చెప్పాలి. మౌనంగా ఉన్నంత మాత్రాన అది మోసం కాదు. కానీ "నాకు ఎలాంటి గాయం లేదు" అన్న వాక్యం కింద సంతకం చేస్తే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 నుంచి 19 వరకు ఉన్న నిబంధనల ప్రకారం జట్టు ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలుంటుంది. ఎంఆర్‌ఐ నివేదిక, డిశ్చార్జ్ సమ్మరీ నకళ్లు ఇచ్చి, అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి.

4. నేను ఫిట్ అని ఎవరు తేల్చాలి?

"జట్టు వైద్యుని నిర్ణయమే అంతిమం" అని ఉంటే, అలాగే సంతకం చేయకండి. దాని తర్వాత ఇలా చేర్చమనండి: "క్రీడాకారుడు అంగీకరించని పక్షంలో, ఇరుపక్షాలు ఎంచుకున్న ఎముకల వైద్యుడు 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అంతవరకు చెల్లింపు ఆగరాదు." నివేదిక నకలు మీకూ అందాలని రాయించుకోండి.

5. చికిత్స మందుల వల్ల డోపింగ్ చిక్కు వస్తుందా?

డోపింగ్ నిబంధనలు వర్తించే పోటీల్లో ఆడేవారికి రావచ్చు. 2022 జనవరి 1 నుంచి, కీళ్లలోకి ఇచ్చేవాటితో సహా గ్లూకోకార్టికాయిడ్ స్టెరాయిడ్ ఇంజెక్షన్లన్నీ పోటీ సమయంలో నిషిద్ధం. అవసరమైతే చికిత్సా మినహాయింపు కోసం జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా)కు, సాధారణంగా పోటీకి కనీసం 30 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. అత్యవసర చికిత్సకు తర్వాత కూడా దరఖాస్తు చేయవచ్చు.

6. ఒప్పందం ముగిశాక వేరే జట్టుకు ఆడవద్దంటే?

గడువు లోపల ఆ ఆంక్ష సాధారణంగా చెల్లుతుంది. గడువు ముగిశాక కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం చెల్లదు. పర్సెప్ట్ డీమార్క్ సంస్థకు, క్రికెటర్ జహీర్ ఖాన్‌కు మధ్య నడిచిన కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ మాటే స్పష్టం చేసింది. ఆ కేసు ఆటగాడి ప్రచార ఒప్పందానికి సంబంధించినది.

7. స్పోర్ట్స్ కోటాలో వచ్చిన ప్రభుత్వ ఉద్యోగం పోతుందా?

సర్వీసులో ఉండగా వైకల్యం కలిగితే, వికలాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 20(4) ప్రకారం ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఆ పనికి తగకపోతే అదే వేతన స్కేలుతో వేరే పోస్టుకు మార్చాలి. రెండు హద్దులు గుర్తుంచుకోండి: గాయం ప్రతిసారీ వైకల్యం కాదు, సదరం ధ్రువపత్రం వంటి ఆధారం కావాలి; ప్రైవేటు జట్టుకు ఈ సెక్షన్ వర్తించదు.

8. వివాదం వస్తే ఎక్కడికి, ఎంత గడువులో వెళ్లాలి?

ఒప్పందం ఉల్లంఘన జరిగిన నాటి నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. మధ్యవర్తిత్వ షరతు ఉంటే ముందు ఆర్బిట్రేషన్ నోటీసు ఇవ్వాలి. అది అవతలి పక్షానికి అందిన రోజే ప్రక్రియ మొదలైనట్టు. మధ్యవర్తి ఇచ్చే తీర్పును (అవార్డు) సవాలు చేయడానికి అది చేతికందాక మూడు నెలల గడువు ఉంటుంది. తగిన కారణం చూపితే మరో 30 రోజులు, అంతకు మించి లేదు. కుప్పం ఆటగాడు బెంగళూరు జట్టుతో కుదుర్చుకున్న ఒప్పందంలో "బెంగళూరు కోర్టులకే అధికారం" అని ఉంటే, సాధారణంగా అక్కడికే వెళ్లాలి. ఆ వాక్యం మార్చాలంటే సంతకానికి ముందే అడగాలి.

9. బీమా క్లెయిమ్ తిరస్కరిస్తే? లాయరుకు డబ్బు లేకపోతే?

ముందు బీమా సంస్థకు రాతపూర్వక ఫిర్యాదు చేయండి. వారు దాన్ని తోసిపుచ్చితే ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వినియోగదారుల కమిషన్‌కైతే, వ్యాజ్య కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, వైకల్యం ఉన్నవారు, ఆదాయ పరిమితికి లోబడినవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. 15100కు ఫోన్ చేయండి లేదా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార కమిటీలో అడగండి. వెళ్లేటప్పుడు ఒప్పందం, వైద్య నివేదికలు, చెల్లింపుల బ్యాంకు వివరాలు, జట్టు పంపిన సందేశాల ప్రింట్లు వెంట తీసుకెళ్లండి.