పంచుకొన్న సముద్రజ్ఞానము

పూర్వకాలమున ఓడ నడపు ప్రతి కప్తానునకును తన అనుభవమే గురువు. ఏ మాసమున ఏ దిక్కునుండి గాలి వీచును, ఏ చోట ప్రవాహము ఓడను ప్రక్కకు లాగుకొనిపోవును, ఎచ్చట గాలి చాలక తెరచాపలు వ్రేలాడుచు దినములు వృథాగా గడచిపోవును అను విషయములను అతడు ఇరువది ముప్పది యేండ్లు కష్టపడి తెలిసికొనెడివాడు. తెలిసికొన్నదానిని దాచుకొనెడివాడు కూడ. వర్తకులు తమ మార్గములను పోటీదారులకు తెలియనిచ్చెడివారు కారు. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు తమ సముద్రపటములను రాజ్యరహస్యములుగా కాపాడిరి. అందువలన ఒక కప్తాను మరణించినచో అతని జ్ఞానము అతనితోనే సముద్రము పాలయ్యెడిది. మరుసటి తరమువాడు ఓడను, ప్రాణమును పణముగా నొడ్డి ఆ పాఠమునే మరల మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చెడిది.

ఈ స్థితిని మార్చినవారిలో ముఖ్యుడు మాథ్యూ ఫాంటేన్ మోరీ అను అమెరికా నౌకాదళోద్యోగి. ఇతడు 1806లో వర్జీనియా రాష్ట్రమున జన్మించెను. 1825లో నౌకాదళమున చేరి, ఓడపై భూమండలమును చుట్టివచ్చెను. కాని 1839లో ఇతడు ప్రయాణము చేయుచున్న గుఱ్ఱపుబండి తలక్రిందులై కాలు విరిగెను. కుంటికాలితో ఓడపై ఉద్యోగము సాగదు. 1842లో ప్రభుత్వమువారు ఇతనిని వాషింగ్టను నగరమున సముద్రపటములను, నౌకాపరికరములను భద్రపరచు కార్యాలయమునకు అధికారిగా నియమించిరి. సముద్రమును ప్రేమించువానికి అది చెరసాలవంటి కొలువే యని ఎవరైన తలంచియుందురు.

ఆ కార్యాలయమున పాత నౌకాదినచర్య పుస్తకములు గుట్టలుగా పడియుండెను. ప్రతి ఓడలోను కప్తాను దినదినము ఓడ ఉన్న స్థలమును, గాలి దిక్కును, దాని బలమును, ప్రవాహమును, నీటి వేడిమిని అట్టి పుస్తకమున వ్రాయించును. ప్రయాణము ముగిసిన పిమ్మట వాని ముఖము చూచువారు లేకపోయిరి. మోరీ ఆ గుట్టలను విప్పించి, సముద్రమును గళ్ళుగళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క మాసమున ఎన్నిమారులు ఏ గాలి వీచెనో లెక్క వేయించెను. ఒక కప్తాను వ్రాత ఒక దినపు సంగతిని మాత్రమే చెప్పును. వేయిమంది వ్రాతలను ఒకచోట చేర్చినచో సముద్రపు స్వభావమే బయటపడును. 1847లో ఉత్తర అట్లాంటికు సముద్రమునకు గాలులను, ప్రవాహములను చూపు పటము వెలువడెను.

ఆ పటమును కప్తానులు వెంటనే నమ్మలేదు. ముప్పది యేండ్లు సముద్రముపై తిరిగినవానికి, గదిలో కూర్చున్న కుంటివాడు త్రోవ చెప్పుటయా యని కొందఱు పరిహసించిరి. 1848లో జాక్సను అను కప్తాను మాత్రము సాహసించి, బాల్టిమోరు రేవునుండి బ్రెజిలు దేశపు రియో డి జనీరోకు మోరీ చెప్పిన దారిన పోయెను. అంతకు పూర్వము నావికులు బ్రెజిలు ఈశాన్యపు కొనవద్ద ప్రవాహము తమను ఒడ్డునకు నెట్టునను భయముతో చాల తూర్పుగా చుట్టి పోవుచుండిరి. ఆ భయము నిష్కారణమని పాత పుస్తకములలోని లెక్కలే తెలుపుచుండెను. జాక్సను రాకపోకలు రెండును ముగించుకొని వచ్చునప్పటికి మామూలుగా పట్టు కాలముకన్న నెలదినములకు పైగా కలిసివచ్చెను. ఆ పిమ్మట మోరీ పటములకై కప్తానులు తామే వచ్చి అడుగసాగిరి.

మోరీ వారికి పటములను వెలకు అమ్మలేదు, ఊరక ఇచ్చివేయనూ లేదు. పటమును, దారి చెప్పు గ్రంథమును ఉచితముగా పొందినవాడు, అచ్చువేసి ఇచ్చిన గళ్ళలో తన ప్రయాణపు పరిశీలనలను వ్రాసి తిరిగి పంపవలెనని నియమము పెట్టెను. ఏరు దాటి తెప్ప తగులబెట్టువానికి ఇందు చోటు లేదు. ఈ ఇచ్చిపుచ్చుకొనుటవలన ప్రతి కప్తానును పటము వాడువాడు మాత్రమే కాక, పటము తయారుచేయువాడు కూడ అయ్యెను. 1851లో ‘ఫ్లయింగ్ క్లౌడ్’ అను ఓడ న్యూయార్కునుండి దక్షిణ అమెరికా కొనను చుట్టి 89 దినములలో శాన్ ఫ్రాన్సిస్కో చేరి లోకమును ఆశ్చర్యపఱచెను. ఆ ఓడకు దారి లెక్కగట్టినది కప్తాను భార్యయగు ఎలినార్ క్రీసీ. ఆమె మోరీ పటములను చక్కగా అభ్యసించిన స్త్రీ. ఓడ నడపుట పురుషుల పనియే యని లోకము నమ్మిన కాలమది.

ఒక్క దేశపు ఓడలు ఒక్క దేశపు లెక్కలనే తేగలవు. సముద్రమునకు సరిహద్దులు లేవు. అందుచేత మోరీ ప్రయత్నము ఫలితముగా 1853 ఆగస్టులో బెల్జియము రాజధాని బ్రస్సెల్సులో పది దేశముల ప్రతినిధులు సమావేశమైరి. వారిలో పెక్కురు నౌకాదళోద్యోగులు. అన్ని దేశముల ఓడలును ఒకే రీతిని పరిశీలించి, ఒకే మాదిరి పట్టికలో వ్రాయవలెనని నిశ్చయించిరి. యుద్ధము వచ్చి ఒక ఓడ శత్రువుల చేత చిక్కినను, దానిలోని పరిశీలనల పట్టికను మాత్రము పాడుచేయక గౌరవింపవలెనని కూడ కోరిరి. మరుసటి యేడే ఆంగ్లేయులు, ఫ్రెంచివారు ఒకవైపున, రష్యనులు ఇంకొకవైపున నిలిచి క్రిమియాలో పోరాడిరి. ఆ మూడు దేశములవారును బ్రస్సెల్సులో ఒకే బల్ల చుట్టు కూర్చున్నవారే!

మోరీ చరిత్రలో ఒక పెద్ద మచ్చ కలదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము రాగా, ఇతడు తన పదవిని విడిచి, బానిసత్వమును నిలుపుకొనుటకై పోరాడిన దక్షిణ రాష్ట్రముల పక్షమున చేరెను. ఇతని మేధను మెచ్చుకొనువారు ఈ సంగతిని మరుగుపఱచుట న్యాయము కాదు. ఇతడు వెడలిపోయిన తరువాత పటముల ప్రచురణము కొన్నియేండ్లు ఆగెను. కాని గళ్ళ పుస్తకములో వ్రాయుటకు అలవాటుపడిన కప్తానులు అనేక దేశములలో ఉండిరి గనుక పని చావలేదు. ఆ పటములు తరువాత మరల వెలువడెను.

పరిశీలనలను పంచుకొనుటకు మంచి మనస్సు ఒక్కటే చాలదు. సముద్రపు నీటి వేడిమినే చూడుడు. ఆంగ్లేయ నావికులు బొక్కెన దించి నీటిని తోడి, అందు ఉష్ణమాపకమును ముంచి చూచెడివారు. కాన్వాసు బొక్కెనలోని నీరు పైకి లాగులోపల గాలి తగిలి కొంత చల్లబడును. అమెరికా ఓడలలో పెక్కు యంత్రమును చల్లబఱచుటకై లోనికి పీల్చుకొను నీటిని కొలిచెడివి. యంత్రపు గది సమీపమున ఆ నీరు కొంత వేడెక్కును. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా ఓడల లెక్కలు ఎక్కువగా చేరి, 1945లో యుద్ధము ముగియగానే ఆంగ్లేయుల లెక్కలు మరల పెరిగెను. దానితో ప్రపంచ సముద్రములన్నియు ఒక్కమారుగా చల్లబడినట్లు పట్టికలలో కనబడెను. సముద్రము చల్లబడలేదు, బొక్కెన మాఱినది! శాస్త్రజ్ఞులు ఈ చిక్కును విడదీయునప్పటికి అరువది యేండ్లు దాటెను. ఎవరు కొలిచిరి, దేనితో కొలిచిరి, ఎంత లోతున, ఏ గంటకు అను వివరములు లేని అంకె, చిరునామా లేని ఉత్తరము వంటిది.

ఇరువదవ శతాబ్దమున ఈ పని ప్రభుత్వముల చేతికి వచ్చెను. 1957 జూలై నుండి 1958 డిసెంబరు వఱకు జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమున, పరిశీలనలను భద్రపఱచుటకు ఒక కేంద్రమును అమెరికాలోను, ఇంకొకదానిని సోవియట్ దేశమునను నెలకొల్పిరి. పరస్పరము అనుమానముతో చూచుకొనుచున్న ఆ రెండు రాజ్యములును ఒకరి లెక్కల ప్రతులను ఇంకొకరికి ఇచ్చుటకు అంగీకరించెను. 1960లో యునెస్కో క్రింద అంతర్‌ప్రభుత్వ సముద్రశాస్త్ర సంఘము ఏర్పడెను. 1961లో ఆ సంఘమే సముద్ర సమాచారమును దేశములు మార్చుకొనుటకు ఒక శాఖను స్థాపించెను.

తెలుగుదేశమున ఈ విద్యకు బీజము అంతకు ముందే పడెను. 1952లో యూజీన్ లఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి సముద్రశాస్త్రమును బోధించెను. ఆయన విద్యార్థులను గదిలో కూర్చుండబెట్టి పాఠము చెప్పి ఊరకొనలేదు. భారత నౌకాదళపు ఓడలలో వారిని బంగాళాఖాతముపైకి కొనిపోయి, నీటిని తామే కొలిచి తామే వ్రాయునట్లు చేసెను. ఆ సముద్రపు టడుగున కనుగొన్న ఒక లోయకు ‘ఆంధ్ర’ అను పేరు పెట్టిరి. పిమ్మట 1965 వఱకు సాగిన అంతర్జాతీయ హిందూమహాసముద్ర పరిశోధనలో అనేక దేశముల నౌకలు సుమారు 40 పాల్గొనగా, వాని పనిని అందిపుచ్చుకొనుటకు తగిన శిక్షణము పొందిన యువకులు కొందఱైనను మన దేశమున సిద్ధముగా నుండిరి.

ఇంత జరిగినను, పంచుకొనుటలో లోపమున్నచో ఏమగునో 2004 డిసెంబరు 26వ తేదీ చూపెను. ఆనాటి ఉదయము మన కాలమానము ప్రకారము 6 గంటల 28 నిమిషములకు ఇండొనేషియాలోని సుమత్రా ద్వీపము చేరువ సముద్రగర్భమున మహాభూకంపము కలిగెను. అక్కడనుండి సునామీ అలలు భారతదేశపు తూర్పు తీరమును చేరుటకు రెండు గంటలకు పైగా పట్టెను. రెండు గంటలలో పల్లెలన్నియు మెరకకు పోగలవు. హవాయి దీవులలోని పసిఫిక్ సునామీ కేంద్రమువారు పావుగంటలోనే భూకంపమును గుర్తించిరి. కాని హిందూమహాసముద్రపు నీటిమట్టములను వెంటనే తెలుపు యంత్రములు వారికి అందుబాటున లేవు. ఎవరిని పిలిచి చెప్పవలెనో తెలుపు ఏర్పాటును లేకుండెను. పదునాలుగు దేశములలో సుమారు రెండు లక్షల ముప్పదివేలమంది మరణించిరి. మన దేశమునందే పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. సముద్ర సమాచారమును సకాలమున, ఉచితముగా, నిర్బంధములు లేక మార్చుకొనవలెనని దేశములు తీర్మానించినది 2003లో, అనగా దీనికి ఒక్క సంవత్సరము ముందే! కాగితముపైని తీర్మానము తనంతట తాను టెలిఫోను ఎత్తి మాట్లాడదు.

ఆ దినముననే వేఱొక దృశ్యము కూడ కానవచ్చెను. భూకంపస్థానమునకు మిక్కిలి దగ్గఱనున్న సిమెలూ ద్వీపమున సుమారు డెబ్బదియెనిమిది వేలమంది నివసించుచుండగా, మరణించినవారు ఏడుగురు మాత్రమే. 1907లో వారి పూర్వులు ఇట్టి అలకు బలియైరి. నాటినుండి ‘స్మోంగ్’ అను ఒక మాటను పాటలలోను, కథలలోను పెట్టి అవ్వలు మనుమలకు చెప్పుచు వచ్చిరి. నేల గట్టిగా అదిరి, సముద్రము వెనుకకు పోయినచో కొండకు పరుగెత్తవలెనని దాని అర్థము. వారికి యంత్రములు లేవు. చెప్పువారును, వినువారును ఉండిరి.

ఆ విపత్తు తరువాత అనేక దేశములు ఈ విషయమును గట్టిగా పట్టుకొనెను. 1999లో హైదరాబాదున స్థాపింపబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రము 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రమును ఆరంభించెను. 2011నుండి ఆస్ట్రేలియా, ఇండొనేషియాలతోపాటు ఇది హిందూమహాసముద్రపు దేశములన్నిటికిని హెచ్చరికలు పంపుచున్నది. అలల చప్పుడైనను వినబడని హైదరాబాదున సముద్రపు కావలి యుండుట వింతగా తోచును. కాని కావలికాయువానికి కావలసినది ఒడ్డు కాదు, వార్త. ‘ఆర్గో’ అను పథకమున సుమారు నాలుగువేల తేలుడు యంత్రములు ప్రపంచ సముద్రములలో సంచరించుచున్నవి. అవి పది దినములకు ఒకమారు రెండువేల మీటర్ల లోతువఱకు దిగి, వేడిమిని, ఉప్పదనమును కొలుచుచు పైకి వచ్చి ఉపగ్రహము ద్వారా తెలుపును. ఆ అంకెలు ఏ దేశపువాడైనను ఒక్కదినములో ఉచితముగా పొందవచ్చును. హిందూమహాసముద్రమునకు సంబంధించిన ఆ లెక్కలను కూర్చువారిలో హైదరాబాదు కేంద్రము ఒకటి.

యంత్రములను కొనుట కొంత సులభమే. వానిని కొలిచిన లెక్కలను ఇచ్చునట్లు మనుష్యులను ఒప్పించుట కష్టము. ఒక శాస్త్రజ్ఞుడు తన వ్యాసము అచ్చుకాకముందు అంకెలను బయటపెట్టుటకు జంకును. ఒక ప్రభుత్వము తన రేవుల లోతులు శత్రువులకు తెలియునని శంకించును. ఇంకొకడు తన లెక్కలోని తప్పును ఇతరులు ఎత్తిచూపుదురేమోనని పుస్తకమును బీరువాలో దాచును. వీరెవ్వరును దుర్మార్గులు కారు. వీరిలో ప్రతివానితోను ఓపికతో మాట్లాడి, ఏది వెంటనే ఇవ్వవలెనో, దేనిని కొంతకాలము ఆపవచ్చునో విడమఱచి, మొదట తన లెక్కలను తానిచ్చి, ఇచ్చినవాని పేరును పట్టికలో నిలుపగల నాయకుడొకడు ప్రతి దేశమునకును కావలెను. అట్టివారు పుట్టుకతో దొరకరు. వారిని తయారుచేయుటకే యునెస్కో సముద్రశాస్త్ర సంఘము 2005లో బెల్జియములోని ఆస్టెండ్ రేవుపట్టణమున ఒక కార్యాలయమును తెఱచెను. అట్లు నూటయేబది రెండు సంవత్సరముల తరువాత ఈ పని మరల బెల్జియమునకే వచ్చెను. ఆఫ్రికాఖండమున ఇరువదియైదు తీరదేశములు ఇట్టి శిక్షణముతో ఒక సమాచార బృందముగా ఏర్పడెను. హైదరాబాదు కేంద్రమునందును ఒక అంతర్జాతీయ శిక్షణాలయము కలదు. అచ్చటికి మన దేశమునుండియు, విదేశములనుండియు యువశాస్త్రజ్ఞులు వచ్చి, లెక్కలలోని తప్పులను గుర్తించుటయు, వివరములతో భద్రపఱచుటయు అభ్యసించుచున్నారు.

నాయకులు శాస్త్రజ్ఞులలోనే యుండిన చాలదు. 2020లో ఒడిషా తీరమందలి వెంకట్రాయిపూర్, నోలియాసాహి అను రెండు పల్లెలను యునెస్కో సంఘము సునామీకి సంసిద్ధములైన గ్రామములుగా గుర్తించెను. నోలియాలనగా ఆ తీరమున స్థిరపడిన, తెలుగు మూలముగల బెస్తవారు. ఇట్టి గుర్తింపు పొందుటకు గ్రామమువారు తమలో ఒక సంఘమును ఏర్పఱచుకొని, నీరు ఎంతవఱకు రాగలదో పటము గీయించి, మెరకకు పోవు దారిని సూచించు పలకలు నాటవలెను. రాత్రిగాని పగలుగాని హెచ్చరికను అందుకొనుటకు ఒకటికి మించిన మార్గములు ఉండవలెను. ఏర్పాటు నిలుచునట్లు అభ్యాసము జరుపుచుండవలెను. ఈ గుర్తింపు ఒకమారు వచ్చినచో శాశ్వతము కాదు. కొన్నియేండ్లకు మరల పరీక్ష కలదు.