నోటి లెక్క: చెప్పే పిల్లలు, వినే పెద్దలు

రంజాన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళలో జకాత్ లెక్కలు మొదలవుతాయి. సెల్ ఫోన్ తీసి మీటలు నొక్కుతాం. నిజానికి ఈ లెక్కకు యంత్రం అక్కరలేదు. జకాత్ నూటికి రెండున్నర, అంటే నలభై భాగాల్లో ఒక భాగం. నలభైతో భాగించడమంటే రెండుతో ఒకసారి, మళ్ళీ రెండుతో ఒకసారి, చివర పదితో భాగించడమే. కాబట్టి సొమ్మును సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి, చివరి సున్న తీసేస్తే చాలు. నిసాబ్ దాటి, ఏడాది నిండిన సొమ్ము 1,36,000 రూపాయలు ఉందనుకుందాం. సగం 68,000. దానిలో సగం 34,000. సున్న తీస్తే 3,400. అదే జకాత్. సరిచూసుకోవాలంటే వెనక్కి నడవాలి: 3,400కు సున్న చేర్చి, రెండుసార్లు రెట్టింపు చేస్తే మళ్ళీ 1,36,000 వస్తుంది.

ఈ "సగంలో సగం" ఉపాయాన్ని మాకు బాగా గుర్తుండేలా నేర్పినది ఒక ఏడో తరగతి కుర్రవాడు. కొన్నేళ్ళ క్రితం పరీక్షలో ఒక లెక్క ఇచ్చాము: కిలో పళ్ళు 140 రూపాయలైతే 0.75 కిలో వెల ఎంత? ఆ కుర్రవాడు బిందువు తప్పుచోట పెట్టి 1,050 అని రాశాడు. మేము సున్న వేశాము. అందరి ముందు చీవాట్లు కూడా పెట్టాము.

ఆ ఆదివారమే బజారులో వాడు తండ్రి తోపుడు బండి దగ్గర కనిపించాడు. ముప్పావు కిలో దానిమ్మలు తూచి, "నూట ఐదు ఇవ్వండి మాస్టారండీ" అన్నాడు. కిలో అక్కడా 140 రూపాయలే.

"ఎలా చేశావురా?" అని అడిగాము.

"అరకిలో డెబ్భై, పావుకిలో ముప్పై ఐదు. కలిపితే నూట ఐదే కదండీ."

"మరి పరీక్షలో?"

"అది బడి లెక్క కదండీ" అన్నాడు.

తప్పు మాదే. వాడి తలలో పావు, అర, ముప్పావు చక్కగా ఉన్నాయి. 0.75 అంటే ఆ ముప్పావేనని మేము చెప్పలేదు. ఆ రోజు నుంచి మా తరగతిలో ముందు నోటితో జవాబు, ఎలా వచ్చిందో చెప్పడం, తరువాతే పలక మీదా కాగితం మీదా రాయడం. నోటి అంచనా ఉంటే, ముప్పావు కిలోకు 1,050 రాసిన పిల్లవాడు తన తప్పును తానే పట్టుకుంటాడు.

వినడం ఎంత దూరం తీసుకుపోతుందో చూడాలంటే లక్కోజు సంజీవరాయశర్మ గారిని తలుచుకోవాలి. ఆయన 1907లో కడప జిల్లా కల్లూరులో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. అక్క ఇంట్లో పాఠాలు బిగ్గరగా చదువుకుంటుంటే విని నేర్చుకున్నారు. తరువాత ఊరూరా గణితావధానాలు చేశారు. పుట్టిన తేదీ చెబితే వారం చెప్పేవారు. రెండును 103 సార్లు వేసి గుణిస్తే ఎంత అని అడిగితే, 32 అంకెల జవాబు చెప్పిన మనిషి ఆయన. 1997లో కన్నుమూశారు. అంత ప్రతిభకు మొదటి బడి అక్క గొంతు.

మన ఉత్తరాంధ్రలోనూ ఇటువంటి కథ ఉంది. విజయనగరం సంస్థాన ఉద్యోగి ఒకరికి చూపులేని కుమారుడు ఉండేవాడు. సంగీతమంటే ప్రాణం. ఆ బాబు నేర్చుకునేందుకు సాయం చేయమని తండ్రి కోరగా, మహారాజా వారు ఏకంగా ఊళ్ళోనే సంగీత కళాశాల పెట్టించారని పెద్దలు చెబుతారు. అది 1919. మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. కాళ్ళతో, చేతులతో, తలతో ఒకేసారి వేరువేరు తాళాలు వేసిన లయబ్రహ్మ ఆయన. పారసీ నేర్చి, గణితవేత్త కూడా అయిన ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ తెలుగులోకీ తెచ్చారు. ఘంటసాల, సుశీల ఆ కళాశాలలో చదివినవారే. ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోంచి ఎందరు నడిచి వెళ్ళారో చూడండి.

దాతలారా, మీరు ఇచ్చే పుస్తకాలు, ఫీజులు, బహుమతులు మా పిల్లలకు ఎంతో ఆసరా. వాటితో పాటు ఇంకొకటి అడుగుతున్నాము. సాయంత్రం ట్యూషన్ పిల్లల దగ్గరకు వారానికి ఒక గంట వచ్చి కూర్చోండి. మీ దుకాణం లెక్క, పొలం లెక్క, జకాత్ లెక్క వాళ్ళతో నోటితో చేయించండి. వేగంగా చెప్పినవాడినే మెచ్చుకోకండి. నెమ్మదిగా చెప్పే అమ్మాయి ఏ దారిలో వచ్చిందో కూడా వినండి. చూపు తక్కువైన పిల్లలు ఉంటే పాఠం బిగ్గరగా చదివి వినిపించండి.

ఈ రాత్రి మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి. కిలో 96 రూపాయలైతే ముప్పావు కిలో ఎంత? 2,16,000 రూపాయలకు జకాత్ ఎంత? జవాబులు 72, 5,400. జవాబు సరిగ్గా వచ్చినా, తప్పు వచ్చినా, "ఎలా చేశావమ్మా?" అని మాత్రం తప్పకుండా అడగండి.