చట్టం కంటికి ముగ్గురు మనుషులు

పార్లమెంటు సభ్యులు తమ ఓటర్లకు చెప్పుకునే పనుల చిట్టాలో, అందునా సంప్రదాయవాద పక్షాల వారి చిట్టాలో, మూడు శీర్షికలు తరచుగా కనిపిస్తాయి. ఒకటి సైన్యం, రెండు మాజీ సైనికులు, మూడు కార్మిక రక్షణ. నేను బి.ఎస్సీ. విద్యార్థిని. న్యాయశాస్త్రం నేను చదవలేదు. అయినా ఈ శీర్షికల కిందకు వచ్చే మనుషులు మా ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్ళే. మా పెదనాన్న పదిహేడేళ్ళు సైన్యంలో చేసి వచ్చాడు. మా మేనమామ మణుగూరు బొగ్గు గనుల్లో పనిచేస్తాడు. మూడో మనిషి మా మిరప చేలో కాయ కోయడానికి సరిహద్దు దాటి వచ్చే కూలి. ఈ ముగ్గురినీ చట్టం ఎలా చూస్తుందో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాది భద్రాచలం నుంచి చర్ల వెళ్ళే దారిలో గోదావరి ఒడ్డు వూరు. కౌలుతో కలిపి మూడెకరాల మిరప వేస్తాం. అవతల అడవి దాటితే ఛత్తీస్‌గఢ్ వాళ్ళ బీజాపూర్, సుక్మా జిల్లాలు.

1. సిపాయి

పెదనాన్న ట్రంకు పెట్టెలో డిశ్చార్జి పుస్తకం వుంది. గుడ్డలో చుట్టి దాచుకుంటాడు. అందులో ఆయన నంబరు, చేరిన తేదీ, వచ్చేసిన తేదీ, భార్యాబిడ్డల పేర్లు అన్నీ వున్నాయి. "ఈ నంబరు చెబితే చాలురా, నేనెవరో ఢిల్లీలో తెలుస్తది" అంటాడు. ఆ మాటలో కొంత గర్వం, చాలావరకు నిజం వున్నాయి.

జవాను మిగతా ఉద్యోగుల్లాగా అరవయ్యేళ్ళు వచ్చేదాకా పనిచేయడు. చాలామంది నలభై లోపే ఇంటికి వస్తారు. కాబట్టి పింఛను మీద బతికే కాలం ఎక్కువ. ఇక్కడే పాత చిక్కు ఒకటి వుంది. ఒకే హోదాలో, ఒకే సర్వీసు చేసిన ఇద్దరు జవాన్లను తీసుకోండి. ఒకడు 1995లో, ఇంకొకడు 2010లో వచ్చేశారు. మధ్యలో వేతన సంఘాలు జీతాలు పెంచాయి గనుక రెండో వాడి పింఛను ఎక్కువ, మొదటివాడిది తక్కువ. చేసిన పని ఒకటే, మోసిన తుపాకి ఒకటే. ఈ తేడా పోవాలన్న కోరికకే 'ఒకే ర్యాంకు, ఒకే పింఛను' అని పేరు.

రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2011 డిసెంబరులో దీన్ని అమలు చేయాలని సిఫారసు చేసింది. ఆ కమిటీ అధ్యక్షుడు భారతీయ జనతా పార్టీకి చెందిన భగత్ సింగ్ కోశ్యారీ. 2014 ఫిబ్రవరిలో అప్పటి కాంగ్రెసు ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. తర్వాత వచ్చిన ప్రభుత్వం కాలంలో, 2015లో మాజీ సైనికులు జంతర్ మంతర్ దగ్గర నిరాహార దీక్షలకు కూర్చోగా, అదే సంవత్సరం నవంబరు 7న ఉత్తర్వు వెలువడింది. 2014 జూలై 1 నుంచి లెక్క. అయిదేళ్ళకోసారి సవరణ. ఏటా సవరించాలని మాజీ సైనికులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు గాని, 2022 మార్చిలో కోర్టు ప్రభుత్వ పద్ధతినే సమర్థించింది.

ఇక్కడ పాఠకులు ఒక భేదం గమనించాలి. మా అడవుల్లో శిబిరాలు వేసుకుని వున్న సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు రక్షణశాఖ కిందకు రారు, హోంశాఖ కిందకు వస్తారు. వాళ్ళకు ఈ 'ఒకే ర్యాంకు, ఒకే పింఛను' లేదు. మందుపాతర మాత్రం ఏ శాఖ అని అడగదు.

మరో మార్పు 2022 జూన్ 14న వచ్చింది. అగ్నిపథ్ పథకం కింద చేరిన యువకుడి సర్వీసు నాలుగేళ్ళు. వారిలో నూటికి 25 మంది వరకే శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. మిగతావారు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికి వస్తారు. సర్వీసులో వుండగా 48 లక్షల జీవిత బీమా వుంది. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. సైన్యంలో సగటు వయసు తగ్గుతుందని ప్రభుత్వం చెప్పింది. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషనులో జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు ఒక యువకుడు బలయ్యాడు. అయినా మా బాబాయి కొడుకు రోజూ తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెత్తుతూనే వున్నాడు. "నాలుగేళ్ళయితే నాలుగేళ్ళు, ఇక్కడ ఏముంది?" అంటాడు. జవాబు చెప్పడం నాకు చేతకాలేదు.

2. గని కార్మికుడు

ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు వుందని భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ 1870ల మొదట్లో గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలయింది. దగ్గరి వూరు సింగరేణి పేరే 1920లో కంపెనీకి వచ్చింది. అంటే మా జిల్లాలో కార్మికుడనే మాటకు నూట ముప్పయ్యేళ్ళకు పైబడిన చరిత్ర వుంది.

మేనమామ డ్యూటీకి పోతే ముందు 'మస్టరు పడాలి'. ఇది జీతం కోసమేనని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. కాదు. 1952 నాటి గనుల చట్టంలో ఒక చక్కని నియమం వుండేది. గనిలో ఏ క్షణాన చూసినా ఎవరెవరు పనిలో వున్నారో, వారి పేర్లు పైన రిజిస్టరులో కనబడాలి. కారణం సులువుగా అర్థమవుతుంది. లోపల కప్పు కూలినా నీరు వచ్చినా, పైకి వచ్చినవారెవరు, రానివారెవరు అన్నది ముందు తెలియాలి. లెక్కలో లేని మనిషి కోసం ఎవరూ వెతకరు.

ఈ నియమాలు దయతో వచ్చినవి కావు. ప్రమాదాలు జరిగి, కార్మికులు సమ్మెలు చేసి, సంఘాలు పోట్లాడితే వచ్చినవి. బొగ్గు గని కార్మికుల భవిష్యనిధి చట్టం 1948లో, కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చాయి. ఇలాంటి 29 కేంద్ర చట్టాలను కలిపి నాలుగు స్మృతులుగా (లేబర్ కోడ్‌లు) చేశారు. 2025 నవంబరు 21న అవి అమలులోకి వచ్చాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్నది అందులో మంచి మాట. కాంట్రాక్టు కార్మికుల నియమాలు ఇరవై మందికి బదులు యాభై మంది వున్నచోటే వర్తిస్తాయన్నది సంఘాలు ఎదిరిస్తున్న మాట. రెండూ మనం తెలుసుకోవాలి.

3. మిరప కూలి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మాఘం దాటితే మా చేలు ఎర్రబడతాయి. కాయ ఒక్కసారే పండుతుంది, వూళ్ళో మనుషులు చాలరు. అవతలనుంచి కోయ కుటుంబాలు గుంపులుగా వస్తాయి. చేలోనే తాటాకు పందిరి వేసుకుని వుంటారు. కూలి కొంత డబ్బుగా, కొంత ఎండుమిర్చిగా ఇస్తాం. మా నాన్న పద్దుపుస్తకంలో ఆ సంవత్సరం యిలా వుంది: 'బస్తరోళ్ళు - 14'. అంతే. మా ఎడ్లకు పేర్లున్నాయి, ఆ పద్నాలుగు మందికి లేవు.

2024 ఫిబ్రవరిలో కల్లం దగ్గర బస్తాలు దింపుతుంటే, ట్రాక్టరు ట్రాలీ మీదనుంచి ఒక అమ్మాయి జారిపడింది. నా యీడు పిల్ల. మణికట్టు విరిగింది. నాన్న నాటు వైద్యుడి దగ్గర కట్టు కట్టించాడు, ఖర్చులన్నీ పెట్టుకున్నాడు, చేతిలో 3,000 రూపాయలు పెట్టి ఇంటికి పంపాడు. వూరంతా "మంచి ఆసామి" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ తర్వాత కాలేజీ లైబ్రరీలో కార్మిక చట్టాల పుస్తకం ఒకటి చేతికి దొరికింది. 1923 నాటి నష్టపరిహార చట్టం పట్టికలో ట్రాక్టరుతో వ్యవసాయం చేసే చోట పనివారూ వున్నారు! నాకు ఆశ్చర్యం వేసింది. ఆ చట్టం లెక్క యిది. పనిలో దెబ్బ తగిలి తాత్కాలికంగా పని చేయలేకపోతే, నెల కూలిలో నాలుగోవంతు చొప్పున పదిహేను రోజులకొకసారి ఇవ్వాలి. వైద్యం ఖర్చు వేరే. ఆ అమ్మాయి కూలి రోజుకు 300, నెలకు 26 రోజులనుకుంటే 7,800. దానిలో నాలుగోవంతు 1,950. నెలన్నర చేయి పనికి రాలేదు కాబట్టి మూడు కిస్తులు: 5,850 రూపాయలు. మేమిచ్చింది 3,000. అంటే మంచి ఆసామి 2,850 రూపాయలు బాకీ.

అదే ప్రాణం పోయివుంటే? నెల కూలిలో సగాన్ని వయసుకు తగిన గుణకంతో హెచ్చవేయాలి. ఇరవయ్యేళ్ళకు గుణకం 224. కాబట్టి 3,900 × 224 = 8,73,600 రూపాయలు. వయసు పెరిగేకొద్దీ గుణకం తగ్గుతుంది, నలభై ఏళ్ళకు 184.17. ముందు బతకవలసిన కాలాన్ని బట్టి లెక్క కట్టారన్నమాట. ఇంత లెక్క వున్నా, ఆ కుటుంబం మా దగ్గరే పనిచేసిందని రుజువు ఏది? 'బస్తరోళ్ళు - 14' అన్న నాలుగు అక్షరాలు ఏ అధికారి ముందు పెట్టినా చెల్లవు.

ఈ సందర్భంలో ఒక తెలుగు ప్రజాప్రతినిధి పని చెప్పుకోవాలి. భారతీయ జనతా పార్టీకి చెందిన సికింద్రాబాద్ సభ్యుడు బండారు దత్తాత్రేయ 2014 నవంబరు నుంచి 2017 సెప్టెంబరు వరకు కేంద్ర కార్మికశాఖ మంత్రి. ఆయన కాలంలో బోనసు అర్హత పరిమితి నెలకు 10,000 నుంచి 21,000కు పెరిగింది. ప్రసూతి సెలవు 12 వారాలనుంచి 26 వారాలయింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలతో పని చేయించడాన్ని 2016లో అన్ని వృత్తులలోను నిషేధించారు. కుటుంబ పనులకు మినహాయింపు యిచ్చినందుకు విమర్శలూ వచ్చాయి. వీటికి పేపర్లలో పెద్ద అక్షరాలు దక్కాయి. 2017లో నష్టపరిహార చట్టానికి జరిగిన చిన్న సవరణ గురించి మాత్రం మా వూళ్ళో ఎవరూ వినలేదు. పనిలో పెట్టుకునే రోజునే, నీకు దెబ్బ తగిలితే యీ హక్కు వుందని, కార్మికుడికి అర్థమయ్యేలా ఇంగ్లీషులోనో హిందీలోనో ఆ ప్రాంతపు అధికార భాషలోనో యజమాని రాసి చెప్పాలి. చెప్పకపోతే జరిమానా 50,000 నుంచి లక్ష దాకా వుండేది.

నాకు ఇది చదివాక రెండు సంగతులు తట్టాయి. ఒకటి, ఆ అమ్మాయికి అర్థమయ్యేది కోయ భాష. మన అధికార భాషల జాబితాలో అది లేదు. రెండోది, ఈ చట్టంలో 'యజమాని' అన్న మాటకు అర్థం మా నాన్న.

ఇంటికి వెళ్ళి చెప్పాను. నాన్నకు కోపం వచ్చింది. "మందు బస్తా ధర ఎంత, మిర్చి ధర ఎంత, ఆ లెక్క ముందు చెయ్. మన బాకీ ఎవడు తీరుస్తడు?" అన్నాడు. ఆయన మాటా అబద్ధం కాదు. ధర పడిపోయిన ఏడాది కౌలు రైతుకూ కూలికీ మధ్య దూరం చాలా తక్కువ. నేను వాదించలేకపోయాను. అరుగు మీద వింటున్న పెదనాన్న మాత్రం లేచి వెళ్ళి ఆ డిశ్చార్జి పుస్తకం తెచ్చి నాన్న ఒళ్ళో పెట్టాడు. "ఇది లేకపోతే నేనూ నీ పద్దులో ఒక అంకెనే తమ్ముడూ" అన్నాడు.

మరుసటి ఏడు కోతలకు నాన్నే కొత్త నోటుపుస్తకం కొన్నాడు. పేరు, వూరు, వయసు, వచ్చిన రోజు, పనిదినాలు, ఇచ్చిన కూలి. రాయడం నా పని. కోయ తెలిసిన మా వూరి అంగన్‌వాడీ టీచరు దెబ్బ తగిలితే ఏమివ్వాలో వాళ్ళ భాషలో చెప్పింది. విని ముసలాయన ఒకాయన నవ్వాడు, నమ్మలేదేమో. కిందటేడు దెబ్బ తగిలిన అమ్మాయీ వచ్చింది. నాన్న మిగతా 2,850 లెక్కపెట్టి ఇచ్చాడు. మొదటి పేరు ఆమెదే రాశాను. ఆమెను అడగలేదు కాబట్టి ఆ పేరు ఇక్కడ అచ్చు వేయడం లేదు.

గుంపులో ఇద్దరు పిల్లల వయసు రాసేటప్పుడు కలం ఆగింది. పద్నాలుగు లోపే. వాళ్ళను కోతకు పెట్టలేదు. దానికీ ఇంట్లో గొడవ అయింది, వాళ్ళ తల్లి కూడా మొహం చిన్నబుచ్చుకుంది. అప్పుడు నాకు 2020 ఏప్రిల్ గుర్తొచ్చింది. లాక్‌డౌనులో తెలంగాణ మిరప చేలనుంచి బీజాపూర్ జిల్లాలోని ఇంటికి నడిచి బయల్దేరిన పన్నెండేళ్ళ పాప, మూడు రోజులు నడిచి, ఇల్లు కొద్ది దూరం వుండగా చనిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల పని చేయరాదన్న చట్టం అప్పటికే వుంది. పొరుగు రాష్ట్రాలనుంచి వచ్చే కూలీల కోసం 1979 నాటి చట్టం కూడా అప్పటికి అమలులో వుండేది. ఎవరి పుస్తకంలోనూ ఆ పాప పేరు మాత్రం వున్నట్టు లేదు.

ముగింపు

సిపాయికి నంబరుంది, గని కార్మికుడికి మస్టరుంది, మిరప కూలికి అంకె మాత్రమే వుంది. తేడా చట్టాలు లేకపోవడంలో లేదు. పేరు రాసిన చోట చట్టం పనిచేస్తుంది, రాయని చోట అది పుస్తకంలోనే వుంటుంది. ఢిల్లీలో చట్టం చేసేవారు ఏ పక్షం వారైనా, ఆ చట్టం మా వూరి చేను గట్టుదాకా రావాలంటే ఆఖరి మైలు నడవవలసింది మనమే.

మన కాలేజీలో సగం మందిమి రైతుల బిడ్డలం. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినపుడు ఒక్కొక్కరం ఒక నోటుపుస్తకం తీసుకుపోదాం. ఖరీదు ఇరవయ్యో ముప్పయ్యో. కోతలకు వచ్చినవారి పేరు, వూరు, వయసు, కూలి రాద్దాం. మీ నాన్నకు కూడా కోపం రావచ్చు. మా నాన్నకు వచ్చింది, తగ్గింది.