తోడు వేయకపోయినా అంబలి ఎందుకు పులుస్తుంది?

ప్రశ్న: జొన్నపిండిని రాత్రి నీళ్లలో కలిపి ఉంచి, పొద్దున కాచి అంబలి చేస్తాం. పెరుగు వేయకుండానే పిండి పులుస్తుంది. ఆ బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వస్తుంది?
– ఒక పాఠకురాలు, సిర్గాపూర్ (నారాయణఖేడ్)

జవాబు: జొన్నతోపాటే వస్తుందమ్మా. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా అనగానే పాలూ పెరుగే గుర్తొస్తాయి. 1857లో లూయీ పాశ్చర్ పరిశీలించిందీ పాలు పులిసే తీరునే. కానీ ఇవి ఆకుల మీద, గింజల పైపొర మీద కూడా కొద్దికొద్దిగా ఉంటాయి. పిండి నానగానే అందులోని చక్కెరలను తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయి. ఆ పులుపులో చాలా చెడు సూక్ష్మజీవులు పెరగలేవు, ఇవి మాత్రం తట్టుకుంటాయి. ఇడ్లీ పిండి పొంగేదీ ఇలాగే. అక్కడ మినప్పప్పుతో వచ్చే ల్యూకోనోస్టాక్ ఆమ్లంతోపాటు కార్బన్ డయాక్సైడునూ పుట్టిస్తుంది.

పచ్చిజొన్న మేతను ముక్కలు చేసి, గాలి చొరకుండా తొక్కి పాతర వేస్తే అది చెడకుండా నెలల తరబడి నిలిచేదీ వీటి చలవే. మన నోట్లో, పేగుల్లోనూ ఉంటాయి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అంబలి కాచినప్పుడు ఇవి చాలామటుకు చచ్చిపోతాయి, పులుపు మాత్రం మిగులుతుంది. బతికున్నవి కావాలంటే అంబలి చల్లారాకే మజ్జిగ కలపండి. పిండికి బూజు పడితే మొత్తం పారబోయండి, బూజు విషాలు కాచినా పోవు.