నవీకరణానంతరము లేవని లినక్సు కంప్యూటరు

ఇటీవల మేము ఒక గ్రామ పంచాయతీ కార్యాలయమునకు పోయినప్పుడు అచ్చటి కంప్యూటరు ముందు నలుగురైదుగురు గుమిగూడి యుండిరి. ముందునాటి సాయంకాలము వరకు చక్కగా పనిచేసిన యంత్రము ఆ ఉదయము లేవలేదు. నల్లని తెరపై తెల్లని అక్షరములు కొన్ని కనబడి నిలిచిపోయినవి. పట్టణము నుండి వచ్చిన మెకానిక్కు దానిని చూచి, "అంతయు తుడిచి క్రొత్తగా వేయవలెను. గంటలో పని అయిపోవును" అనెను. అప్పుడొక వార్డు సభ్యురాలు, "అయ్యా, మా వీధి మురుగుకాలువ కొలతలు, ఫొటోలు ఇందులోనే ఉన్నవి. అవియు పోవునా?" అని అడిగినది. ఆ ప్రశ్నకు ఎవ్వరును వెంటనే బదులు చెప్పలేదు.

ఆ కార్యాలయమున రెండేండ్ల క్రిందట ఇట్లే జరిగినదట. అప్పుడు యంత్రమును తుడిచివేయుటచే కుళాయి కనెక్షన్ల జాబితా పోయినది. సభ్యులు ఇంటింటికి తిరిగి మరల వ్రాసికొనవలసి వచ్చినది. ఈ మారు అట్లు కాలేదు. ఓపికతో వరుసగా పరీక్షింపగా మధ్యాహ్నమునకే యంత్రము లేచినది. కాలువ కొలతలు చెక్కుచెదరలేదు. నాడు అనుసరించిన క్రమమును, దానితోపాటు తెలిసియుండవలసిన మరికొన్ని విషయములను ఈ వ్యాసమున తెలుపుచున్నాము. పంచాయతీ సభ్యులందరును కంప్యూటరు నిపుణులు కానక్కరలేదు. కాని "తుడిచివేయుదుమా?" అని ఎవరైనను అడిగినప్పుడు ఏమి చెప్పవలెనో ప్రతి సభ్యునికిని తెలిసియుండవలెను.

లినక్సు, ప్యాకేజీలు

కంప్యూటరులోని భాగములన్నిటిని నడపు మూల సాఫ్ట్‌వేరును కెర్నెలు అందురు. ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థిగా నున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన కెర్నెలునకే లినక్సు అని పేరు. దాని చుట్టును ఇతర సాఫ్ట్‌వేరులను చేర్చి సంపూర్ణమగు వ్యవస్థలను పలువురు కూర్చిరి. 1993లో ప్రారంభమైన డెబియను, దాని ఆధారముగా 2004లో వెలువడిన ఉబుంటు వీనిలో ప్రసిద్ధమైనవి. మన దేశమున సీడాక్ సంస్థ రూపొందించిన ‘బాస్’ అను వ్యవస్థకును డెబియనే ఆధారము. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో లినక్సు విరివిగా వాడుకలో నున్నది. ఇచ్చట మేము చెప్పునది ఉబుంటును దృష్టిలో నుంచుకొని వ్రాసినది. డెబియను కుటుంబములోని ఇతర వ్యవస్థలకును చాలవరకు వర్తించును.

ఈ వ్యవస్థలలో సాఫ్ట్‌వేరు ‘ప్యాకేజీ’లను మూటలుగా వచ్చును. ఒక మూట మరియొక మూటపై ఆధారపడి యుండును. లోపములు సవరించిన కొలది క్రొత్త మూటలు వచ్చి పాతవాని స్థానమున చేరును. దీనినే నవీకరణము అందురు. ఉబుంటులో భద్రతకు సంబంధించిన మూటలు సాధారణముగా ఎవరును అడుగకయే దిగి స్థిరపడుచుండును. కావున "మేమేమియు చేయలేదు, యంత్రము తానే నిలిచినది" అని ఆపరేటరు చెప్పినచో అది అబద్ధమని తలపరాదు. అట్లని నవీకరణములను మాన్పించుటయు తగదు. అవి లేనిచో యంత్రములోనికి దొంగలు చొరబడుటకు త్రోవ తెరచి ఉంచినట్లగును.

యంత్రము మేల్కొను క్రమము

మడికి నీరు రానప్పుడు రైతు చెరువును పూడ్చివేయడు. తూము మొదలుకొని పెద్దకాలువ, పిల్లకాలువ వెంట నడచి, నీరు ఎచ్చట ఆగినదో చూచును. కంప్యూటరు విషయమునను చేయదగిన పని అదియే.

మీట నొక్కగానే ముందు యంత్రము తన భాగములను తాను పరీక్షించుకొనును. పిమ్మట ‘గ్రబ్’ అను చిన్న సాఫ్ట్‌వేరు ఏ కెర్నెలును లేపవలెనో నిర్ణయించును. మూడవదిగా కెర్నెలు, దానికి తోడుండు ఒక చిన్న ఫైలు సాయముతో, డిస్కును తెరచును. చివరకు సేవలన్నియు ఒకదాని వెనుక నొకటి మొదలై, సంకేతపదము అడుగు తెర వచ్చును. నవీకరణము ఈ నాలుగింటిలో ఏదో యొకదానిని చెరచియుండును. మీ రికార్డులు మాత్రము ఈ నాలుగింటిలో దేనియందును లేవు. అవి డిస్కులో వేరొక చోట భద్రముగా నుండును. నీరు రానంత మాత్రమున చెరువు ఎండినదని అర్థము కాదు.

మొదటి పని: చూచి వ్రాసికొనుట

తెరపై కనబడు అక్షరములను ఫోనుతో ఫొటో తీయుడు. ముందునాడు కరెంటు పోయినదా, నవీకరణము జరుగుచుండగా ఎవరైనను యంత్రమును ఆపిరా అని విచారింపుడు. తగిలించియున్న పెన్‌డ్రైవులను, ప్రింటరును తీసివేసి ఒక్కసారి మరల లేపి చూడుడు. అదే పనిగా ఆపి లేపుట మంచిది కాదు. డిస్కునుండి టకటకమను ధ్వని వచ్చుచున్నను, తెరపై ‘ఐ/ఓ ఎర్రర్’ అను మాట పలుమారులు కనబడుచున్నను అది నవీకరణ దోషము కాదు, డిస్కే చెడుచున్నది. అట్టి యెడల మరమ్మతు ప్రయత్నములన్నియు మాని, రికార్డుల ప్రతి తీయగల నిపుణుని పిలువవలెను.

రెండవ పని: పాత కెర్నెలుతో లేపుట

క్రొత్త కెర్నెలు వచ్చినప్పుడు ఉబుంటు పాతదానిని వెంటనే తీసివేయదు, ప్రక్కన నుంచును. కష్టకాలమున అదియే అక్కరకు వచ్చును. యంత్రమును లేపిన వెంటనే ‘ఎస్కేప్’ మీటను ఒకసారి తట్టినచో గ్రబ్ పట్టిక కనబడును. కొన్ని పాత యంత్రములలో ‘షిఫ్ట్’ మీటను నొక్కి పట్టుకొనవలెను. ఆ పట్టికలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ అను పంక్తిని ఎన్నుకొనినచో కెర్నెలులు వాని సంఖ్యలతో వరుసగా కనబడును. మొదటిది క్రొత్తది. దానిని విడిచి తరువాతి సంఖ్య గల దానిని ఎన్నుకొనవలెను.

యంత్రము లేచినచో దోషము క్రొత్త కెర్నెలునందో దాని తోడి ఫైళ్లయందో ఉన్నదని తేలినది. ఇంక సంతోషించి పనిలో దిగరాదు. ముందుగా ముఖ్యమైన రికార్డులన్నిటిని వేరొక డిస్కునకు ప్రతి తీసికొని, ఆ ప్రతి తెరచుకొనుచున్నదో లేదో చూచి, పిమ్మటనే మరమ్మతునకు పూనుకొనవలెను.

మూడవ పని: సగములో నిలిచిన నవీకరణమును పూర్తిచేయుట

గ్రామములలో తరచుగా జరుగునది ఇదియే. మూటలు విప్పి అమర్చుచుండగా కరెంటు పోవును. కొన్ని క్రొత్తవి, కొన్ని పాతవి, కొన్ని సగము విప్పినవి మిగిలిపోవును. గ్రబ్ పట్టికలో ప్రతి కెర్నెలునకును ‘రికవరీ మోడ్’ అను మరియొక పంక్తి యుండును. ఉబుంటులో దానిని ఎన్నుకొనినచో ఒక చిన్న పట్టిక వచ్చును. అందు ‘క్లీన్’ అనునది డిస్కులో కొంత చోటు ఖాళీ చేయ యత్నించును. ‘ఎఫ్‌ఎస్‌సీకే’ అనునది డిస్కులోని ఫైళ్ల అమరికను సరిచూచును. ‘డీపీకేజీ’ అనునది సగములో నిలిచిన మూటలను సరిచేయును. దీనికి ముందు ‘నెట్‌వర్క్’ అను పంక్తిని నొక్కి ఇంటర్నెట్టును కలుపుకొనుట మంచిది.

పాత కెర్నెలుతో లేచిన యంత్రమున ఇదే పనిని ఆజ్ఞల ద్వారా చేయవచ్చును. ‘సుడో డీపీకేజీ’ అని తట్టి, రెండు అడ్డగీతలతో ‘కాన్ఫిగర్’ అని, ఒక అడ్డగీతతో ‘ఏ’ అని చేర్చినచో సగములో నున్న అమరికలు పూర్తియగును. పిదప ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ అని తట్టి ఒక అడ్డగీతతో ‘ఎఫ్’ చేర్చినచో కొరవడిన మూటలు వచ్చి చేరును. ఇవి ఆంగ్లాక్షరములలో తట్టవలసిన ఆజ్ఞలు. శిక్షణ పొందిన ఆపరేటరు వీనిని ఎరిగియుండును. ఈ రెండవ ఆజ్ఞ ఏయే మూటలను తీసివేయునో ముందుగా తెరపై చూపును. ఆ జాబితాను చదువక ‘అవును’ అని ఒప్పుకొనరాదు.

నాలుగవ పని: చోటు కలదా యని చూచుట

మేము చూచిన గ్రామమున దోషము ఇచ్చటనే యున్నది. కెర్నెలులు ‘బూట్’ అను సంచిలో నుండును. డిస్కును రహస్య సంకేతముతో భద్రపరచిన యంత్రములలో ఈ సంచికి వేరుగా ఒక చిన్న గది కేటాయింపబడును. పాత కెర్నెలులు పేరుకొని ఆ గది నిండినచో, క్రొత్త కెర్నెలునకు తోడుండవలసిన ఫైలు అసంపూర్ణముగా మిగిలిపోవును. అప్పుడు డిస్కును తెరువజాలక కెర్నెలు ‘పానిక్’ అను మాటతో నిలిచిపోవును. ‘డీఎఫ్’ అని తట్టి ఒక అడ్డగీతతో ‘హెచ్’ చేర్చినచో ఏ గది నూటికి ఎంత వంతు నిండినదో తెలియును. ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్’ అను ఆజ్ఞ అక్కరలేని పాత కెర్నెలులను క్రమముగా తీసివేయును. ఆ గదిలోని ఫైళ్లను చేతితో ఒక్కొక్కటిగా చెరిపివేయుట ప్రమాదకరము. చోటు ఏర్పడిన పిమ్మట, ముందు చెప్పిన విధముగా సగములో నిలిచిన పనిని పూర్తిచేయవలెను.

ప్రధానమగు గది నిండినను ఒక చిక్కు కలుగును. సంకేతపదము సరిగా తట్టినను యంత్రము మరల అదే తెరకు వచ్చుచుండును. చెత్తబుట్టలోని ఫైళ్లను, పనికిరాని పెద్ద వీడియోలను తీసివేసిన అది తీరవచ్చును.

ఐదవ పని: తెర మాత్రమే నల్లబడినదేమో పరీక్షించుట

ఒక్కొక్కప్పుడు యంత్రము పూర్తిగా లేచియే యుండును. తెర మాత్రము నల్లగా నుండును. కంట్రోలు, ఆల్టు, ఎఫ్3 మీటలను కలిపి నొక్కి చూడుడు. అక్షరముల తెర వచ్చి పేరు అడిగినచో యంత్రము సజీవముగా నున్నదని గ్రహింపుడు. ఎన్‌విడియా వంటి ప్రత్యేక చిత్రకార్డులున్న యంత్రములలో ఇది తరచుగా జరుగును. ఆ కార్డునకు కావలసిన డ్రైవరు ప్రతి క్రొత్త కెర్నెలునకును తగినట్లుగా అమరవలెను. అమరనిచో తెర రాదు. పాత కెర్నెలుతో లేచి, ‘అడిషనల్ డ్రైవర్స్’ అను చోట ఉబుంటు సూచించు డ్రైవరును మరల ఎన్నుకొనినచో సాధారణముగా సరిపడును.

ఏదియు ఫలింపనిచో

అప్పుడును తుడిచివేయుట మొదటి పని కాదు. ఉబుంటును పెన్‌డ్రైవులో వేసి, దానినుండియే యంత్రమును లేపవచ్చును. అప్పుడు ‘ట్రై’ అను దానినే ఎన్నుకొనవలెను. పొరపాటున ‘ఇన్‌స్టాల్’ వైపు పోరాదు. ఈ విధముగా లేపిన యంత్రమునుండి లోపలి డిస్కును తెరచి, ‘హోమ్’ సంచిలోని ఫైళ్లను వేరొక డిస్కునకు ఎక్కించుకొనవచ్చును. డిస్కు రహస్య సంకేతముతో మూసియున్నచో దాని సంకేతపదము అవసరము. డేటాబేసుతో నడచు సాఫ్ట్‌వేరు ఏదైనను ఆ యంత్రమునందే యున్నచో దాని రికార్డులు హోమ్ సంచిలో ఉండకపోవచ్చును. ఆ సంగతిని నిపుణునికి ముందే చెప్పవలెను.

ఇచ్చట ఒక భేదమును గమనింపుడు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభింపబడిన ఈ-గ్రామ్‌స్వరాజ్ వంటి వేదికలలో నమోదుచేసిన పద్దులు దూరమున నున్న సర్వరులలో నుండును. కార్యాలయ యంత్రము చెడినను వానికి నష్టము లేదు. కాని స్కాను చేసిన తీర్మానములు, కొలతలు, ఫొటోలు, అర్జీల ప్రతులు చాలచోట్ల ఆ ఒక్క యంత్రమునందే యుండును. ఆపద వానికే.

పంచాయతీ చేయదగిన ఏర్పాట్లు

1. ముఖ్యమైన రికార్డులకు రెండు ప్రతులుండవలెను. ఒకటి కార్యాలయము వెలుపల భద్రమైన చోట నుంచవలెను. నెలకొకసారి ఆ ప్రతిని తెరచి చూడవలెను. తెరచి చూడని ప్రతిని నమ్మరాదు.

2. యంత్రమునకు బ్యాటరీ ఆధారము సమకూర్చవలెను. నవీకరణము జరుగుచుండగా మీట ఆపరాదని గోడపై వ్రాసి అంటింపవలెను.

3. గ్రామసభ ముందునాడును, లెక్కలు పంపవలసిన దినములందును పెద్ద నవీకరణములు చేయరాదు.

4. ఉబుంటు గల పెన్‌డ్రైవు నొకదానిని బీరువాలో సిద్ధముగా నుంచవలెను.

5. ‘టైమ్‌షిఫ్ట్’ అను సాఫ్ట్‌వేరు వ్యవస్థను పూర్వస్థితికి తేగలదు. కాని అది రికార్డుల ప్రతికి బదులు కాజాలదు.

6. ఒక నోటుపుస్తకమున తేదీ, కనబడిన సందేశము, చేసిన పని వ్రాసి ఉంచవలెను. ఆపరేటరు మారినను అనుభవము కార్యాలయమున నిలుచును.

7. రికార్డుల ప్రతి తీసి సరిచూచినట్లు పంచాయతీ కార్యదర్శి వ్రాసి యిచ్చిన పిమ్మటనే ఏ యంత్రమునైనను తుడుచుటకు అనుమతి ఇయ్యవలెను. ఈ నియమమును పంచాయతీ తీర్మానముగా చేసికొనుట ఉత్తమము.

యంత్రము పోయిన మరియొకటి కొనవచ్చును. వ్యవస్థ పోయిన మరల వేసికొనవచ్చును. దానికి లైసెన్సు రుసుము కూడ లేదు. గ్రామ ప్రజలు తమ పనులకై ఇచ్చిన కాగితములు పోయినచో వారే మరల కార్యాలయము చుట్టు తిరుగవలసి వచ్చును. కొందరి కాగితములు మరల దొరకవు. "అవియు పోవునా?" అని ఆ వార్డు సభ్యురాలు అడిగిన ప్రశ్న ప్రతి సభ్యుడును అడుగదగినది. దానికి "పోవు, ప్రతి మన యొద్ద నున్నది" అని నిశ్చయముగా బదులు చెప్పగలిగిన పంచాయతీకి నల్లని తెరను చూచి భయపడవలసిన పని యుండదు.