పంటి సిమెంట్లు, క్యాపులు, కట్టుడు పళ్ళు: ఏది దేనికి పనికివచ్చును?

పన్ను నొప్పితో క్లినిక్‌కు వెళ్ళిన కార్మికునికి డాక్టరు రెండు మూడు రకాల సిమెంట్ల పేర్లు, వాటి రేట్లు చెప్పును. ఏది ఏమిటో తెలియక చాలామంది "ఏదో ఒకటి పెట్టండి సార్" అంటారు, లేదా "పీకేయండి" అంటారు. పీకించుకోవడం చౌకే. కాని ఒక దవడ పన్ను పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగును, ఎదుటి పన్ను కిందికి జారును. తర్వాత కట్టుడు పన్ను పెట్టించుకోవాలంటే సిమెంటు కంటె ఎన్నో రెట్లు ఖర్చు. కావున కుర్చీలో కూర్చోకముందే ఈ విషయములు తెలుసుకోండి.

పన్నును నింపే పదార్థములు

పన్ను పైపొర శరీరంలో ఉన్న అన్ని భాగములకంటె గట్టిది. అయితే ఎముక విరిగితే అతుక్కున్నట్లు ఇది తిరిగి పెరగదు. పిప్పిపన్నుకు రంధ్రం పడితే బయటి పదార్థంతో పూడ్చవలసిందే.

పాతది వెండి సిమెంటు. వెండి, తగరం, రాగి పొడిని ఇంచుమించు సమాన బరువు పాదరసంతో కలిపి చేస్తారు. చూడడానికి నల్లగా ఉంటుంది గాని, నమలడంలో దవడ పళ్ళకు బాగా ఆగుతుంది, కొంచెం తడి తగిలినా చెడదు. లోహం కాబట్టి వేడి సులేమానీ, ఐసు నీళ్ళు మొదటి రోజుల్లో జివ్వుమనిపించును. పూర్తి బలం రావడానికి 24 గంటలు పట్టును. అంతవరకు ఆ వైపు నమలవద్దు. పాదరసం కారణంగా దీనిని ప్రపంచమంతటా తగ్గిస్తున్నారు. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుండి దాదాపు పూర్తిగా ఆపింది. 2025 నవంబరులో జెనీవాలో మినమాటా ఒప్పందం దేశాలు 2034 నాటికి మానాలని నిర్ణయించాయి. అందువల్ల చాలా క్లినిక్‌లలో ఇది దొరకకపోవచ్చు. మీ నోట్లో ఇదివరకే ఉన్నది బాగుంటే భయపడి తీయించుకోకండి. తీసేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువ వచ్చును.

ఇప్పుడు ఎక్కువగా పెట్టేది పంటి రంగు సిమెంటు, అనగా కాంపోజిట్. ఇది ప్లాస్టిక్ జిగురులో సన్నని గాజు పొడి కలిపినది. నీలి లైటు కింద కొద్ది సెకన్లలో గట్టిపడును. కాంక్రీటు పని చేసిన మేస్త్రీకి ఇది సులువుగా అర్థమగును: ఒకేసారి మందంగా పోస్తే లోపల ఉడకదు, గట్టిపడుతూ కుంచించుకుపోయి అంచుల్లో సందు వస్తుంది. అందుకే డాక్టరు 2 మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కొక్క పొరకు లైటు కొట్టును. ఉమ్ము తగిలితే అతుకు చెడును. కాబట్టి నోరు తెరిచి ఉంచడానికి ఓపిక పట్టండి, అరగంట పోతుందని తొందరపెట్టవద్దు. ఒక సంగతి: నొప్పికి లవంగ నూనె పెట్టుకుని వెళ్ళి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. ఆ నూనె ఈ సిమెంటు గట్టిపడడాన్ని అడ్డుకొనును.

ఉమ్మడి నల్గొండ, ప్రకాశం జిల్లాల వాళ్ళకు ఇంకొక మాట. చిన్నప్పుడు ఫ్లోరైడ్ నీళ్ళు తాగినందువల్ల పళ్ళపై గోధుమ రంగు మచ్చలు ఉంటాయి. (ఈ జబ్బును మన వైపు 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు.) అది మురికి కాదు, తోమితే పోదు. అటువంటి పంటికి కాంపోజిట్ సరిగా అంటుకోదు, డాక్టరు పైపొరను ఇంకొంచెం సేపు ఆమ్లంతో గరుకు చేయవలసి వచ్చును. మచ్చలున్నట్లు మీరే చెప్పండి.

మూడవది గాజు సిమెంటు. గాజు పొడి, ఒక ఆమ్ల ద్రవం కలిపినది. ఇది పన్నును తనంతట తానే పట్టుకొనును, కొద్దిగా ఫ్లోరైడ్ వదులును. నమిలే ఒత్తిడికి బలం తక్కువ. చిగురు దగ్గర అరిగిన చోట, చిన్నపిల్లల పళ్ళకు మంచిది. దవడ పంటి నడుమ పెద్ద రంధ్రానికి అడిగి పెట్టించుకోవద్దు.

తెల్లగా, లవంగం వాసనతో పెట్టేది తాత్కాలిక సిమెంటు మాత్రమే. నొప్పి తగ్గగానే "పని అయిపోయింది" అనుకుని దుక్మ్ సైటుకో, ఎడారిలోని ఆయిల్ ఫీల్డుకో వెళ్ళిపోయి, అది రాలాక మళ్ళీ బాధపడేవారు చాలామంది. దీని ఆయుష్షు కొన్ని వారాలే. మీ పోస్టింగు ఎక్కడ, మళ్ళీ మస్కట్‌కు ఎప్పుడు రాగలరు అనేది డాక్టరుకు చెప్పి, దానికి తగ్గ పద్ధతి అడగండి. సెలవుపై ఊరికి వెళ్ళబోయే వారం ముందు రూటు కెనాలు మొదలుపెట్టించుకోవడం మంచిది కాదు; పూర్తిచేయడానికి తగిన రోజులు చూసుకోండి.

క్యాపులు, కట్టుడు పళ్ళు

రూటు కెనాలు చేసిన దవడ పన్ను పెళుసు కావచ్చు, దానిపై క్యాపు ఉండాలి. లోహపు క్యాపు చౌక, పగలదు. లోహంపై పింగాణీ వేసినది పంటిలా కనపడును, కాని పింగాణీ పెచ్చు లేవవచ్చు. జిర్కోనియా చాలా గట్టిది, ఖరీదు. చేతి గడియారం, బెల్టు బకిల్ తగిలిన చోట దురద వచ్చేవారు నికెల్ లేని లోహం అడగవలెను.

తీసి పెట్టుకునే పళ్ళు ఎక్కువగా అక్రిలిక్ ప్లాస్టిక్. రాత్రి తీసి చల్లని నీళ్ళ కప్పులో ఉంచండి. ఏసీ గదిలో ఎండిపోతే వంకర పోవును, వేడి నీళ్ళలో కూడా అంతే. ఊళ్ళో రోడ్డు పక్కన నోట్లోనే ప్లాస్టిక్ కలిపి, పక్క పళ్ళకు అతికించి "పర్మనెంటు పన్ను" అనేవారి దగ్గర చేయించుకోకండి. అది చిగురును కాల్చును, కింద అన్నం చేరి మంచి పళ్ళు కూడా పాడగును.

ఊడిన క్యాపును సూపర్ గ్లూతో అతికించవద్దు, శుభ్రంగా కడిగి డబ్బాలో పెట్టి క్లినిక్‌కు తీసుకెళ్ళండి. నొప్పికి ఆస్పిరిన్ మాత్ర చిగురు మీద పెట్టవద్దు, పుండు పడును.

డబ్బు, కాగితములు

కంపెనీ బీమా కార్డులో పంటి వైద్యం ఉందో లేదో పి.ఆర్.ఓ.ను అడిగి, కాగితం మీద చూడండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ముఖ్యంగా ప్రమాద మరణం, శాశ్వత వైకల్యం కోసం. పంటి క్యాపుకు దానిపై ఆశ పెట్టుకోవద్దు. గోడపై ఆరోగ్య మంత్రిత్వ శాఖ లైసెన్సు ఉన్న క్లినిక్‌కే వెళ్ళండి. రేటు ముందుగా రియాళ్ళలో రాయించుకోండి, రసీదులో ఏ పదార్థం, ఏ పన్ను అన్నది ఉండాలి. ఊళ్ళో డాక్టరుకు చూపడానికి అదే ఆధారం. అరబీలో పళ్ళు "అస్నాన్", సిమెంటు "హష్వ", మత్తు సూది "బింజ్".

ముఖం వాచి, జ్వరం వచ్చి, మింగడం గాని ఊపిరి గాని కష్టమైతే సిమెంటు సంగతి తర్వాత. అదే గంటలో ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. వాహనం లేకపోతే 9999కు ఫోన్ చేయించండి, క్యాంపు బాస్ అనుమతి కోసం తెల్లవారే దాకా ఆగవద్దు.